వెనక ఎడమ స్తంభం

గుడ్రున్ చేసిన తప్పును మొదట కనిపెట్టింది గుడ్రునే. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఆ తర్వాత మా ఫ్యాక్టరీలో ఈ సంగతిని ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు. కొందరి నోట అది ఎల్మర్ తప్పయింది. కొందరి నోట మేనేజర్ బ్రింకర్ తప్పయింది. ఆ రోజు నేను ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు స్టాథిస్. మా నాన్న గ్రీసు నుంచి వచ్చి ఈ లెన్నె లోయలో ఇనుప తీగ లాగే మిల్లులో చేరాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే డైలు, అంటే రేకుకు ఆకారమిచ్చే ఉక్కు అచ్చులు, చేయడం నేర్చుకున్నాను. మా ఫ్యాక్టరీలో రేకును నొక్కి, వంచి, కారు సీట్ల కింద బిగించే భాగాలు చేస్తాం. పన్నెండు ప్రెస్సులున్నాయి. అన్నిటికన్నా పెద్దది ఏడో నంబరు, నాలుగు వందల టన్నులది. కింద ఇనుప పీఠం, దాని నాలుగు మూలలా నాలుగు బోలు స్తంభాలు, వాటి మీద పెద్ద దూలం, దూలం కింద లేస్తూ దిగుతూ దెబ్బ కొట్టే పైదిమ్మ. ప్రతి స్తంభం లోపల పైనుంచి కిందిదాకా మనిషి తొడంత లావు ఉక్కు కడ్డీ ఒకటి వెళ్తుంది. దానికి పైనా కిందా నట్లు బిగించి ఉంటాయి. ఆ నాలుగు కడ్డీలూ గట్టిగా లాగి పట్టి ఉంచడం వల్లనే అంత యంత్రమూ ఒక్క ముద్దగా నిలబడుతుంది. దెబ్బ పడ్డ ప్రతిసారీ పైదూలం లేచిపోకుండా ఆపేవి అవే.

ఈ సంగతికి రెండేళ్ళ ముందు ఏడో నంబరుకు మానిటర్ పెట్టారు. స్తంభానికి ఒకటి చొప్పున బొటనవేలంత సెన్సర్లు నాలుగు, ముందువైపు ఒక తెర. దెబ్బ పడినప్పుడు ఏ స్తంభం మీద ఎన్ని టన్నుల బలం వచ్చిందో తెర మీద కనబడుతుంది. మనం పెట్టిన హద్దుకు పైకి పోయినా, కిందికి పోయినా తెర మీది పచ్చదీపం ఎర్రబడి, ప్రెస్సు అక్కడికక్కడే ఆగిపోతుంది. రేకు రెండు పొరలు పడ్డా, డైలో ముక్క విరిగినా అది మనకన్నా ముందే పసిగడుతుంది. హద్దులు పెట్టే పని గుడ్రున్‌ది. అంతకుముందు ఆమె ఎలక్ట్రీషియన్. నలభై మూడేళ్ళ మనిషి, మాట తక్కువ, చేతిరాత బడిపిల్లల రాతలా గుండ్రంగా ఉంటుంది.

మానిటర్‌కు పని నేర్పడంలో రెండు మెట్లున్నాయి. మొదట ప్రెస్సులో, మీద పడ్డ బలాన్ని కొలిచే తూకపు దిమ్మెలు నాలుగు పెట్టి నొక్కించి, స్తంభాల అంకెలు నిజమైన బరువుతో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. దానికి ఒక రోజు పడుతుంది. ఆ తర్వాత ఒక్కొక్క డైకి పాతిక మంచి దెబ్బలు కొట్టించి, ఇదీ నీ మామూలు, దీనికి అటూ ఇటూ ఇంతకన్నా పోనివ్వకు అని చెప్పాలి. అప్పట్లో ఆర్డర్లు మీదపడి ఉన్నాయి. రెండో మెట్టు ఇప్పుడు ఎక్కండి, మొదటిది వేసవి సెలవుల్లో చూద్దాం అన్నాడు బ్రింకర్. పక్కనున్న ఆరో నంబరు ప్రెస్సుకు అంతకుముందు వేసిన తూకం లెక్కలనే గుడ్రున్ తీసుకుని ఏడోదానికి పెట్టి, కింద సంతకం చేసింది. వేసవి సెలవులు వచ్చాయి. క్రేను మరమ్మతు, నేలకు రంగులు, అదీ ఇదీ. తూకం సంగతి బ్రింకర్ మరిచిపోయాడు. ఆమె కూడా మరిచిపోయింది.

మొదటి డైకి నేర్పిన రోజే వెనక ఎడమ స్తంభం అరవై ఒకటి చూపించింది. తక్కిన మూడూ తొంభై దరిదాపుల్లో ఉన్నాయి. ఆమెకు అనుమానం వచ్చి ఎల్మర్‌ను అడిగింది. ఎల్మర్ నోల్టె ఏడో నంబరు మీద ముప్పై ఎనిమిదేళ్ళుగా పని చేస్తున్నవాడు. ఆమెకు ప్రెస్సు పని నేర్పింది కూడా అతనే. డై బరువంతా ముందు కుడిపక్కకి ఉందమ్మాయ్, వెనక ఎడమ తగ్గకేం చేస్తుంది అన్నాడు. మాట సబబుగానే ఉంది. అరవై ఒకటినే మామూలుగా పెట్టి, దాని చుట్టూ హద్దులు గీసింది.

ఇదంతా జరిగిన రెండేళ్ళకు, నవంబరులో ఒక మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నరకు గుడ్రున్ నా టూల్‌రూమ్‌లో కూర్చుని ఫలహారం చేస్తోంది. ఇక్కడివాళ్ళు మామూలుగా తినే, ఉల్లిపాయ చల్లిన పచ్చి ఖీమా బన్ను ఒక చేతిలో ఉంది, రెండో చెయ్యి ల్యాప్‌టాప్ మీద ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ళు ఏడో నంబరు డైల హద్దులన్నీ ఒకే కాగితం మీద కావాలన్నారట. పదకొండు డైల అంకెలు ఒకదాని కింద ఒకటి పేర్చుతోంది. బయట ఏడో నంబరు ఆడుతూనే ఉంది. మా బల్ల మీద డ్రాయింగు కాగితాలు ఆ దెబ్బలకు వణుకుతున్నాయి.

నమలడం ఆపేసింది. నేను గమనించింది అదే. కాసేపటికి, ఈ పదకొండింటిలో బరువు సరిగ్గా నడిమధ్యన పడేవి ఎన్ని అని అడిగింది. వాటిలో ఐదు నేను చేసినవే. మూడింటికి బరువు నడిమధ్యన పడుతుందనీ, రెండు కచ్చితంగా ఎడమకే ఒరుగుతాయనీ చెప్పాను. ఆమె ల్యాప్‌టాప్‌ను నావైపు తిప్పింది. వెనక ఎడమ అంకెల వరుస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జార్చింది. పదకొండింటిలోనూ అన్నిటికన్నా తక్కువ అదే.

"పదకొండు డైలూ ఒక్క పక్కకే ఒరుగుతాయా, స్టాథిస్?" అంది.

సెన్సర్ పాడై ఉంటుందేమో అన్నాను. అయ్యుండొచ్చు అంది. అది సెన్సరే కావాలని ఆమె ఎంత కోరుకుందో మొహం చూస్తేనే తెలిసింది. బన్ను అక్కడే వదిలేసి, అలమరలోంచి కొత్త సెన్సర్ ఒకటి తీసుకుని బయలుదేరింది. నన్ను రమ్మనలేదు, అయినా వెనకే వెళ్ళాను.

ఏడో నంబరు దగ్గర ఎల్మర్ రేకుచుట్ట మార్చడానికి ప్రెస్సు ఆపి ఉన్నాడు. ఆ ఐదు నిమిషాల్లో గుడ్రున్ వెనక్కి వెళ్ళి, పాత సెన్సర్ పక్కనే కొత్తది బిగించి, తీగ మార్చింది. ఏంటమ్మాయ్, నా ప్రెస్సుకి కొత్త నగలు పెడుతున్నావా అని ఎల్మర్ ముందునుంచి కేకేశాడు. తెర చూడాలి, కాసేపు నీ పని నువ్వు చేసుకో అని ఆమె జవాబిచ్చింది. ప్రెస్సు మళ్ళీ మొదలైంది. నిమిషానికి ఇరవై ఎనిమిది దెబ్బలు. కొత్త సెన్సర్ చూపించిన అంకె యాభై ఎనిమిది.

యాభై ఎనిమిది అంటే సెన్సర్ మంచిదే. అంతేకాదు, రెండేళ్ళలో ఆ మూల ఇంకో మూడు టన్నులు దిగజారింది. ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా తగ్గడం వల్ల ఎవరి కంటా పడలేదు. అప్పుడామె అంకెలు వదిలి గీతలు చూసింది. దెబ్బ పడినప్పుడు బలం పెరిగి తగ్గే తీరును తెర గీత గీసి చూపిస్తుంది. మూడు స్తంభాల గీతలు గుండ్రటి గుట్టల్లా ఉన్నాయి. నాలుగోదాని కొన కోసేసినట్టు చదునుగా ఉంది. ఇదే గీతను ఆమె రెండేళ్ళుగా నెలనెలా చూస్తూనే ఉంది.

నూనెడబ్బా తెచ్చుకుంది. ప్రెస్సు వెనక్కి వెళ్ళి ఆ స్తంభం మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుంది. స్తంభానికీ పీఠానికీ మధ్య అతుకు అక్కడ మోకాలెత్తులో ఉంటుంది. వెంట్రుక దూరని అతుకు. దాని పొడుగునా నూనె పోసింది. నేను ఆమె భుజం మీదుగా చూస్తున్నాను. దెబ్బ పడింది. నూనె చటుక్కున లోపలికి పోయింది. పైదిమ్మ లేవగానే బుడగలు బుడగలుగా బయటికొచ్చింది. మళ్ళీ దెబ్బ. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. గుడ్రున్ ఐదు దెబ్బలు లెక్కపెట్టి చూసి లేచింది. మోకాళ్ళకు అంటిన నూనె కూడా తుడుచుకోలేదు.

"లోపల కడ్డీ పట్టుకుని లేదు," అంది నాతో. "స్తంభం ప్రతి దెబ్బకీ లేస్తోంది."

తల పైకెత్తి చూశాను. దూలం మీద ఆ కడ్డీ కొన, దాని నట్టు, రెండూ కలిసి ఒక మనిషి కన్నా ఎక్కువ బరువుంటాయి. కడ్డీ తెగితే అది తుపాకీ గుండులా పైకప్పుకు పోతుంది. ఆ మూల బరువు తక్కిన మూడింటి మీద పడి పైదిమ్మ పక్కకు ఒరుగుతుంది. సరిగ్గా దాని ఎదురుగా ఎల్మర్ నిలబడి, రేకు అంచు సరిచేస్తూ ఈల వేసుకుంటున్నాడు.

బ్రింకర్ అప్పటికే అక్కడికి వచ్చి ఉన్నాడు. ఆ పూట అతను పదినిమిషాలకోసారి వస్తూనే ఉన్నాడు. బయట ర్యాంపు దగ్గర లారీ నిలబడి ఉంది. ఇంకా పద్దెనిమిది వందల ముక్కలు పడాలి. రెండు గంటలకల్లా చేరకపోతే అవతల కార్ల ఫ్యాక్టరీలో లైను ఆగిపోతుందని పొద్దుటినుంచి ఫోన్లు. డెట్లెఫ్ బ్రింకర్ చెడ్డవాడు కాదు. ఎవరి మీదా అరిచే రకం కాదు. కాని ఆ నెలంతా నిద్ర లేనివాడిలా తిరిగాడు, మెడ మీద ఎర్రటి దద్దుర్లు కూడా వచ్చాయి.

గుడ్రున్ అతని దగ్గరికెళ్ళి సంగతంతా చెప్పింది. అంకెలు, గీత, నూనె, అన్నీ. అతను విన్నాడు. తర్వాత తెరవైపు చెయ్యి చూపించాడు.

"దీపం పచ్చగానే ఉంది కదండీ."

"పచ్చగా ఉండమని నేను నేర్పాను, అందుకని ఉంది," అంది గుడ్రున్. "రోగంతో ఉన్నదాన్ని చూపించి ఇదే ఆరోగ్యం అని చెప్పాను. అది నా మాటే నమ్మింది."

గంట అడిగాడు బ్రింకర్. ఒక్క గంట ఆడితే ముక్కలు పూర్తవుతాయి, లారీ వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ప్రెస్సును ముక్కలు ముక్కలుగా విప్పుకున్నా తను అడ్డుచెప్పడు. రెండేళ్ళు ఆడింది, ఇంకో గంట ఆడదా అన్నాడు. అతను అడిగిన తీరు ఆజ్ఞలా లేదు. బతిమాలుకున్నట్టే ఉంది.

"ఏ దెబ్బకి తెగుతుందో నాకు తెలీదు," అంది గుడ్రున్. "తెలిస్తే దాని ముందు దెబ్బదాకా నేనే ఆడించేదాన్ని."

ఆడనివ్వండి అని చెప్పి బ్రింకర్ ఫోన్ తీశాడు.

ప్రెస్సును ఆపే ఎర్ర బొత్తాం ఆమెకు మూడడుగుల్లో ఉంది. ఎవరైనా నొక్కచ్చు. కాని దాన్ని ఎవరైనా తిప్పి మళ్ళీ నడిపించనూ వచ్చు. ఆమె బొత్తాం దగ్గర ఆగలేదు. జేబులోంచి తాళంచెవి తీసి మానిటర్ పెట్టెకు పెట్టి, తన కోడ్ కొట్టి, హద్దుల పేజీ తెరిచింది. ఒకసారి తప్పు అంకె పడితే చెరిపి మళ్ళీ కొట్టింది. వెనక ఎడమ స్తంభం, కింది హద్దు, ఎనభై. మంచి ప్రెస్సు ఈ పనిలో ఎంత చూపించాలో అంత. సరే నొక్కింది.

తర్వాతి దెబ్బకు దీపం ఎర్రబడింది. ప్రెస్సు ఆగిపోయింది.

ఏడో నంబరు ఆగితే హాలంతా ఖాళీ అయినట్టుంటుంది. తక్కిన ప్రెస్సులు ఆడుతున్నా వాటి చప్పుడు ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినిపిస్తుంది. బ్రింకర్ చెవి దగ్గరి ఫోన్ దించాడు. పాత హద్దు మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి ఆజ్ఞగానే అన్నాడు.

"పెట్టను," అంది గుడ్రున్. "మీకూ కోడ్ ఉంది. మీరు పెట్టండి. ఎవరు మార్చారో, ఎన్ని గంటలకో పెట్టె రాసుకుంటుంది."

బ్రింకర్ పెట్టె దగ్గరికి వచ్చాడు. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. అతను కోడ్ కొట్టాడు. హద్దుల పేజీ తెరుచుకుంది. వెనక ఎడమ గడి మీద వేలు పెట్టాడు. గడి నీలంగా వెలిగి అంకె కోసం ఎదురుచూస్తోంది. అతని చేతిలో ఫోన్ మోగుతోంది. అతను ఎత్తలేదు, అంకె కూడా కొట్టలేదు. అతను కొడితే నేనేం చేయాలి? ఎల్మర్‌ను చొక్కా పట్టుకుని ఇవతలికి లాగాలా? నిజం చెబుతున్నాను, అప్పుడు నా తలలో తిరిగింది అదొక్కటే.

ఎల్మర్ తనంతట తనే ఇవతలికి వచ్చాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నన్నడక్కుండా నా ప్రెస్సు ఆపావేంటమ్మాయ్ అన్నాడు. గొంతులో ఇంకా వేళాకోళమే ఉంది. గుడ్రున్ అతన్ని వెనక్కి తీసుకెళ్ళింది. తడిసిన అతుకును చూపించి, తను చూసింది చెప్పింది. అరవై ఒక్క ఏళ్ళవాడే అయినా మోకాళ్ళు అరిగిపోయిన మనిషి అతను. పీఠం పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుని, ఆ అతుకును వేలితో తడిమాడు.

"తప్పు నాది," అంది గుడ్రున్. "బరువు కుడిపక్కకి ఉందని నువ్వన్నావు, నేను నమ్మాను. తూకం వేసి చూడాల్సింది. వెయ్యకుండా సంతకం పెట్టాను. రెండేళ్ళుగా నువ్వు దీని ముందు నిలబడుతున్నావు, ఎల్మర్."

అతను లేవలేదు.

"ఆ కడ్డీని నేనే కాల్చాను," అన్నాడు.

కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి చెప్పాడు. నాలుగేళ్ళ కిందట, మానిటర్ లేని రోజుల్లో, రేకు రెండు పొరలు పడి పైదిమ్మ కింద ఇరుక్కుపోయింది. ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. అట్లాంటప్పుడు కడ్డీలను వేడిచేస్తే అవి సాగి ప్రెస్సు పట్టు వదులుతుంది. మూడు కడ్డీలు మామూలు వేడికే సాగాయి. వెనక ఎడమది సాగలేదు. రెండు రోజులుగా ప్రెస్సు ఆగి ఉంది, అప్పటి మేనేజర్ నెత్తిమీద నిలబడి ఉన్నాడు. ఎల్మర్ గ్యాస్ మంట అక్కడే పట్టుకుని ఉంచాడు. ఉక్కు చెర్రీపండు రంగుకొచ్చేదాకా. అంత వేడి చూసిన ఉక్కు తర్వాత ముందటి ఉక్కులా ఉండదని అతనికి తెలుసు. ప్రెస్సు మాత్రం వదిలింది. నట్లు మళ్ళీ బిగించారు. ఇది రాయొద్దు అన్నాడు ఆ మేనేజర్. అతను రాయలేదు.

"అయితే బరువు కుడిపక్కకి అన్నావే, అది అబద్ధమా?" అని అడిగింది గుడ్రున్.

"కాదు, ఆ డైకి నిజమే. కాని నువ్వు ఆ మూల పేరెత్తగానే నాకు గుండె జారింది. డై మీదకి నెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. నెట్టేశాను."

బ్రింకర్ వెనకే నిలబడి విన్నాడన్న సంగతి నేను అప్పుడే గమనించాను. అతను వెనక్కి నడిచి, మానిటర్‌లోంచి తన కోడ్ తీసేశాడు. గడిలో ఎనభై అలాగే ఉంది. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తాడు. ప్రెస్సు ఆగింది, ఇవాళ ఆడదు, కారణం సాయంత్రం రాసి పంపుతాను అని మూడు ముక్కలు చెప్పి, వర్షంలో గొడుగు లేకుండా ర్యాంపువైపు వెళ్ళాడు.

ఆ తర్వాతి ఐదు గంటలే అన్నిటికన్నా కష్టంగా గడిచాయి. సీగెన్ నుంచి ప్రెస్సు మరమ్మతు చేసేవాళ్ళు బయలుదేరారు. వాళ్ళు వచ్చి, కడ్డీకి ఏం కాలేదు, నట్టు కాస్త వదులైంది అంటే? ఒక నట్టు కోసం గుడ్రున్ అవతలివాళ్ళ లైను ఆపించినట్టవుతుంది. ఆ మాట హాల్లో అప్పుడే మొదలైంది కూడా. ఐదో నంబరు దగ్గరివాళ్ళు ఇద్దరు, పెట్టెకి నేర్పడం చేతకాక ప్రెస్సుని ఆపేసింది అని ఆమెకు వినబడేలాగే అనుకున్నారు. ఆమె మళ్ళీ నా టూల్‌రూమ్‌లో కూర్చుంది. పొద్దుటి బన్ను ఎండిపోయి అక్కడే ఉంది. తిననూ లేదు, పారేయనూ లేదు. ఒక్కసారే మాట్లాడింది. నట్టు వదులైందని తేలినా పాత హద్దు పెట్టేదాన్ని కాదు కదా, స్టాథిస్ అంది. కాదు అన్నాను. ఆ జవాబుతో ఆమె మనసేమీ కుదుటపడలేదు.

మూడు దాటాక వాళ్ళొచ్చారు. ఇద్దరు మనుషులు, చిన్న అల్ట్రాసౌండు యంత్రం. డాక్టర్లు కడుపు మీద పెట్టి చూసేలాంటిదే. ఒకతను నిచ్చెనెక్కి దూలం మీద మోకరిల్లి, కడ్డీల కొనలు ఒక్కొక్కటే తుడిచి చూశాడు. ముందు కుడి బాగుంది. ముందు ఎడమ బాగుంది. వెనక కుడి బాగుంది. వెనక ఎడమ దగ్గర ఆగాడు. జెల్లు తుడిచి మళ్ళీ పూశాడు, యంత్రం మళ్ళీ పెట్టాడు. కింద గుడ్రున్, ఎల్మర్, బ్రింకర్, నేను తలలెత్తి చూస్తున్నాం. ఎవరూ పక్కవాళ్ళ మొహం చూడటం లేదు.

అతను దిగి వచ్చి ఏ ముందుమాటా లేకుండా కుడిచెయ్యి చాచి జానెడు చూపించాడు. కడ్డీ లావు ఇంత. తర్వాత మూడు వేళ్ళు దగ్గరచేసి చూపించాడు. ఇంకా పగలకుండా మిగిలింది ఇంత. పగులు పై నట్టుకు కాస్త కిందుగా, కాల్చిన చోటే మొదలైందట. ఇంకెంతకాలం ఆడేది అని బ్రింకర్ అడిగాడు. అతను భుజాలెగరేసి, నన్నయితే దాని ఎదురుగా నిలబడమనకండి అన్నాడు.

ఎల్మర్ అక్కడినుంచి నడుచుకుంటూ వెళ్ళి, నీళ్ళ పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు. తిరిగి రాలేదు. మర్నాడు నట్టు విప్పడానికి జాకీలు పెట్టి లాగుతుంటే, సగం బలానికే కడ్డీ తెగిపోయింది. ఆ చప్పుడుకు ఆఫీసుల్లోని జనం కూడా బయటికొచ్చారు. అదృష్టం ఏమిటంటే అప్పుడు దాని చుట్టూ గొలుసులున్నాయి, దాని ఎదురుగా ఎవరూ లేరు.

రిపోర్టు గుడ్రున్ రాసింది. తను తూకం వేయని సంగతి మొదటి పేరాలో పెట్టింది. పగులు ఎందుకొచ్చిందో చెప్పకుండా రిపోర్టు పూర్తికాదు కాబట్టి కడ్డీ కాల్చిన సంగతీ రాసింది. పంపేముందు ఎల్మర్‌కు చదివి వినిపించింది. క్యాంటీన్లో, మా బల్ల దగ్గరే. అతను కాఫీ చల్లారిపోయేదాకా విన్నాడు.

"నా పేరు రాశావన్నమాట."

"నా పేరు కింద రాశాను."

"ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యేవాణ్ణి."

"తెలుసు, ఎల్మర్."

అతను లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరికీ హెచ్చరిక లేఖలు వచ్చాయి. ఇది అన్యాయం, పోరాడదాం అని కార్మిక సంఘంవాళ్ళు గుడ్రున్ దగ్గరికి వచ్చారు. అందులో రాసింది అబద్ధం కాదు, దేనికి పోరాడాలి అని ఆమె వాళ్ళను పంపేసింది. బ్రింకర్ కూడా ఆ రిపోర్టు కింద ఒక వాక్యం చేర్చాడు. తూకాన్ని వాయిదా వేయమన్నది తనేనని. చిన్న వాక్యమే. కాని అది రాయమని అతన్ని ఎవరూ అడగలేదు.

ఎల్మర్ ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే తల ఊపేవాడు, అంతే. క్యాంటీన్లో బల్ల మార్చాడు. ఆమె ఆ సంగతి ఎత్తేది కాదు, కాని నా టూల్‌రూమ్‌కు రావడం ఎక్కువైంది. ఒకసారి అడిగాను, నువ్వే వెళ్ళి పలకరించకూడదా అని. నేను రాసినదానికి క్షమాపణ చెప్పినట్టవుతుంది, అది చెప్పలేను అంది. ఆ మాట నాకు అప్పుడు మొండితనంలా అనిపించింది. ఇప్పుడు అంత కచ్చితంగా అనలేను.

జనవరిలో కొత్త కడ్డీలు వచ్చాయి. నాలుగూ మార్చారు. బిగించే ముందు ఒక్కొక్కటీ ఎంత సాగాలో కొలిచి, రాసి, ఇద్దరు సంతకాలు పెట్టారు. ఆ తర్వాత తూకం రోజు వచ్చింది. ఈసారి రోజంతా దానికే ఇచ్చారు. ప్రెస్సులో నాలుగు మూలలా నాలుగు తూకపు దిమ్మెలు నేనే పెట్టాను. గుడ్రున్ మానిటర్ దగ్గర నిలబడింది. పైదిమ్మను అంగుళం అంగుళంగా దించడానికి చేయి తిరిగినవాడు కావాలి. ఆ పనికి ఎల్మర్ తప్ప ఇంకెవరూ లేరు. అతను వచ్చి, ఎవరివైపూ చూడకుండా మీటల దగ్గర నిలబడ్డాడు.

తూకపు దిమ్మెల అంకెలు చూపించే చిన్న డబ్బా అతని పక్కనే ఉంది. అంకెలు ఎవరు చదువుతారు అని గుడ్రున్ అడిగింది. నన్నే అడిగిందనుకుని నేను ముందుకు కదిలాను. ఎల్మర్ చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. రెండు మీటలూ నొక్కాడు. పైదిమ్మ మెల్లగా దిగి, దిమ్మెల మీద ఆని, బిగిసింది.

"ముందు కుడి డెబ్భై ఆరు," అని చదివాడు. "ముందు ఎడమ డెబ్భై ఐదు. వెనక కుడి డెబ్భై ఐదు." అక్కడ ఆగి, డబ్బాను దగ్గరికి తీసుకుని చూశాడు. "వెనక ఎడమ డెబ్భై నాలుగు."

ఆరు వారాల్లో అతను ఆమెతో అన్న మొదటి మాటలు అవి. గుడ్రున్ తన తెర మీది అంకెలు వాటి పక్కన గుండ్రటి చేతిరాతతో రాసుకుంది. మళ్ళీ కొట్టాలా అని అతను అడిగాడు. ఇంకో నాలుగుసార్లు అని ఆమె చెప్పింది. అతను పైదిమ్మను లేపి, మళ్ళీ దించడం మొదలుపెట్టాడు.